బెంగ అనే మాట: గంజాం తెలుగు ఇళ్లలో పిల్లల మనసు

కిందటి వేసవిలో మా ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడు ఉన్నట్టుండి కొట్టడం మొదలుపెట్టాడు. అక్కని కొట్టేవాడు. అన్నం కంచం తోసేసేవాడు. బొమ్మ బస్సుని గోడకేసి కొట్టి విరగ్గొట్టాడు. బడి నుంచి డైరీలో చీటీ వచ్చింది, 'బాబు అగ్రెసివ్‌గా ఉంటున్నాడు, ఇంట్లో చెప్పండి' అని. మేం చెప్పాం. కోప్పడ్డాం కూడా. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాం. అది రాసుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

దానికి రెండు నెలల ముందే వాడి నాన్నమ్మ పోయింది. వాడికి ఊహ తెలిసినప్పట్నుంచి ఆవిడ పక్కలోనే పడుకున్నాడు. మేమేమో 'నాన్నమ్మ ఊరెళ్లిందిరా' అని చెప్పి ఊరుకున్నాం. చిన్నపిల్లాడు, మర్చిపోతాడు అనుకున్నాం.

ఇచ్ఛాపురం నుంచి మా పెద్దమ్మ వచ్చింది. రెండు రోజులు చూసింది. మూడోరోజు సాయంత్రం పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల నిమురుతూ, 'నాన్నమ్మ మీద బెంగెట్టుకున్నావేటిరా నాయనా?' అంది.

'బెంగ అంటే?' అన్నాడు వాడు.

'మనకిష్టమైనోళ్లు కంటికి కనబడకపోతే ఇక్కడ బరువుగా ఉంటుంది చూడు, అదిరా' అని వాడి గుండె మీద చెయ్యి వేసింది.

వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత 'నాకు అదే' అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. రెండు నెలల్లో అది మొదటిసారి. నాన్నమ్మ ఊరెళ్లలేదని, ఇంక రాదని కూడా ఆ రాత్రే పెద్దమ్మ వాడికి చెప్పింది. కొట్టడం మర్నాడే ఆగిపోలేదు గానీ, నెమ్మదిగా తగ్గింది.

ఆ తర్వాత మమ్మల్ని మేం అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటి: తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన పిల్లాడికి 'బెంగ' అనే మాట ఎందుకు తెలియలేదు? బరంపురంలో మాది నాలుగో తరం. ఇంట్లో తెలుగే. కానీ ఆలోచిస్తే మా తెలుగు 'అన్నం తిను, చెప్పులు వేసుకో, హోంవర్క్ అయిందా' దగ్గర ఆగిపోయింది. మనసు సంగతులన్నీ 'సాడ్', 'యాంగ్రీ', 'మూడ్ బాలేదు'లోకి వెళ్లిపోయాయి. ఆ పాతమాటల మూట నాన్నమ్మ దగ్గర ఉండేది. ఆవిడతోనే వెళ్లిపోయింది. అందుకే ఈసారి మా కుటుంబ చరిత్రను పక్కన పెట్టి, ఈ నేలమీద పిల్లల మనసుకు మాటలు ఎవరెవరు ఇచ్చారో రాసుకుందామని కూర్చున్నాం.

మాటల మూటలో ఏముండేది

మన పెద్దవాళ్లు పిల్లల ఏడుపుని ఒకే ఏడుపుగా చూడలేదు. ప్రతిదానికీ వేరే పేరు పెట్టారు. దగ్గరివాళ్లు దూరమైతే బెంగ. కారణం చెప్పలేని బరువైతే దిగులు. అడిగింది ఇచ్చేదాకా కాళ్లు నేలకేసి కొడితే మారాం. ఆటలో ఓడిపోయి, ఏమీ చెయ్యలేక, కోపం ఏడుపు కలిసి తన్నుకొస్తే ఉక్రోషం. అకస్మాత్తుగా భయపడితే జడుసుకోవడం. దాని వెనక వచ్చే జ్వరానికి జడుపుజ్వరం అనే పేరు కూడా ఉంది.

అలక అన్నది వీటన్నిటికంటే ముచ్చటైన మాట. అలక కోపం కాదు. కోపం ఎవరిమీదైనా రావచ్చు. అలిగేది మాత్రం మనల్ని బతిమాలతారని నమ్మకం ఉన్నవాళ్ల మీదే. దారినపోయే మనిషి మీద ఎవరూ అలగరు. పిల్ల మూతి ముడుచుకుని మూల కూర్చుంటే 'అలిగింది' అని గుర్తుపట్టిన ఇంట్లో, ఆ పిల్లకి కావలసింది దెబ్బ కాదని, ఎవరో ఒకరు వెళ్లి పిలవాలని అందరికీ తెలుసు. పేరులోనే మందు కూడా ఉంది.

ఇంకో సంగతి. తెలుగులో మనం 'నేను కోపం' అనం. కోపం వస్తుంది. భయం వేస్తుంది. సిగ్గు వేస్తుంది. నవ్వు వస్తుంది. ఆ వచ్చింది మనం కాదు, మన దగ్గరికి వచ్చిన చుట్టం. వచ్చినట్టే వెళ్తుంది కూడా. 'నువ్వు చెడ్డవాడివి' అన్న మాటకీ, 'నీకు కోపం వచ్చింది' అన్న మాటకీ పిల్లాడి చెవిలో ఎంత తేడా ఉంటుందో ఆలోచించండి.

ఇరుగుపొరుగు ఒడియా ఇళ్లలోనూ ఈ సంపద ఉంది. మనం మారాం అన్నదాన్ని వాళ్లు అళి, అఝట అంటారు. అలగడాన్ని రుషిబా అంటారు. భయమేస్తోంది అనడానికి 'డర లాగుచి' అంటారు. అంటే భయం వచ్చి తగులుతోందని. వాళ్లకీ అది బయటినుంచి వచ్చేదే. బరంపురం పిల్లలకి రెండు మూటలు దొరకాలి నిజానికి. ఒక్కటి కూడా సరిగ్గా అందకపోతే ఆ తప్పు మనదే.

ఈ పేర్లు పెట్టడంలో ఏదో ఉందని ఇప్పుడు శాస్త్రజ్ఞులూ అంటున్నారు. 2007లో అమెరికాలో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ లీబర్మన్ బృందం, ముఖాల్లో కనిపించే భావాలకు పేరు పెట్టమని మనుషులకి చెప్పి, వాళ్ల మెదడుని స్కాన్‌లో చూసింది. పేరు పెట్టినప్పుడు, మెదడులో భయానికి స్పందించే అమిగ్డాలా అనే భాగం ఉద్రేకం తగ్గింది. అది పెద్దవాళ్ల మీద చేసిన పరీక్ష. పిల్లలకి మనం ప్రత్యేకంగా వేరే పరీక్ష చెయ్యక్కర్లేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని చూస్తే చాలు.

పర్లాకిమిడి మాస్టారు

గంజాం జిల్లా అంటే ఇవాళ్టి పిల్లలకి ఒడిశాలో ఒక జిల్లా. కానీ 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా అది మద్రాసు రాజధానిలో ఉత్తరపు కొస. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, ఇటు ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం, అంతా ఒకే జిల్లా. ఆ రోజు గీత పడింది. ఇచ్ఛాపురం అటు, మేం ఇటు. శ్రీకాకుళం వైపు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. మా పెద్దమ్మ మాటలు మా పెరట్లోంచి గీత అవతలికి పోయినట్టు అనిపించడానికి కారణం అదే.

ఆ పాత గంజాంలో, శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టినవారు గిడుగు రామమూర్తి గారు. 1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరారు. వ్యవహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అయితే ఆ పోరాటాన్ని మనం ఎప్పుడూ పండితుల తగాదాగానే చదువుకున్నాం. అది మొదలైంది బడిపిల్లల దగ్గర. 1906–07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల బడుల తనిఖీ అధికారిగా వచ్చిన జె. ఎ. యేట్స్, జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల్లో తెలుగుకీ ఇంత దూరం ఎందుకని అడిగాడు. గురజాడ, గిడుగు వంటివారు ఆ ప్రశ్నను పట్టుకున్నారు.

ఆ కాలపు పిల్లాడి స్థితి ఒక్కసారి ఊహించండి. రాత్రి చీకట్లో వాడికి 'భయమేసింది'. పలకమీద రాయాల్సి వస్తే 'నాకు భయము కలిగెను' అని రాయాలి. మొదటిది తప్పు, రెండోది ఒప్పు. తన లోపల జరిగినదాన్ని తన నోటితో చెబితే తప్పని చిన్నప్పుడే నేర్చుకున్న పిల్లాడు, పెద్దయ్యాక లోపలి మాట పైకి చెప్పగలడా? గిడుగు వారు గ్రాంథికంతో పోరాడిన కారణాలు చాలా ఉన్నాయి. మాకు మాత్రం ఇదీ అందులో ఉందనే అనిపిస్తుంది.

ఆయన ఇంకో పని చేశారు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. ఒక సవర కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకుని, అతని దగ్గర నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవరలో పాఠాల పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. సర్కారు బహుమానంగా డబ్బు ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టమన్నారని చెప్పుకుంటారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. మధ్యలో 1936 వచ్చింది. పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లడం ఆయనకి నచ్చలేదు. అన్నేళ్లు ఉన్న ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఊరు వదిలినా ఆ ఆలోచన ఇక్కడే మిగిలింది. 2006–07లో ఒడిశా ప్రభుత్వం పది గిరిజన భాషల్లో చిన్నపిల్లల చదువు మొదలుపెట్టింది. అందులో సవర ఒకటి. పర్లాకిమిడి ఇప్పుడు గజపతి జిల్లా కేంద్రం. సవర పిల్లలకి సవరలో పాఠం చెప్పాలన్న మాట, ఒక తెలుగు మాస్టారు అదే కొండల కింద నూరేళ్ల క్రితం అన్నదే. ఆయన్ని తలుచుకునేటప్పుడు మాకు చిన్న సిగ్గు కూడా వేస్తుంది. సవర పిల్లలకి వాళ్ల మాట దక్కాలని ఒక తెలుగాయన తపించాడు. మన పిల్లలకి మన మాట దక్కేలా మనం ఏం చేశాం?

మన ఊళ్లో పుట్టిన రేడియో అన్నయ్య

బరంపురంలో పుట్టిన తెలుగువాళ్లు ఎవరంటే అందరూ వి. వి. గిరి గారి పేరు చెబుతారు. ఆయన 1894 ఆగస్టు 10న ఇక్కడే పుట్టారు, రాష్ట్రపతి అయ్యారు. ఆయన తర్వాత పదకొండేళ్లకి, 1905 ఏప్రిల్ 13న ఇదే ఊళ్లో పుట్టిన ఇంకొకాయన్ని మన పిల్లలకి చెప్పడం మర్చిపోయాం. ఆయన న్యాయపతి రాఘవరావు గారు. తెలుగునాట ఆయన రేడియో అన్నయ్య. ఆయన భార్య కామేశ్వరి గారు రేడియో అక్కయ్య.

ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. ఆ తర్వాత కొద్దికాలానికే ఈ దంపతులు అక్కడ తెలుగు పిల్లల కార్యక్రమం నడపడం మొదలుపెట్టారు. అదే బాలానందం. ఆ రోజుల్లో పెద్దల ముందు పిల్లలు నోరు విప్పకూడదు. 'పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఏటి' అనేది ప్రతి ఇంటి మాట. అలాంటప్పుడు మైకు ముందు పిల్లల్ని నిలబెట్టి, వాళ్లచేతే పాడించి, నాటకాలు వేయించి, కబుర్లు చెప్పించారు ఈ ఇద్దరూ. పిల్లల గొంతుకి కూడా పెద్దలు చెవి ఒగ్గి వినే సమయం ఒకటి ఉందని తెలుగు ఇళ్లకి అలవాటు చేశారు.

అన్నయ్య, అక్కయ్య అన్న పిలుపులు కూడా గమనించాలి. మాస్టారూ కాదు, గురువుగారూ కాదు. మన ఇళ్లలో పిల్లాడు అమ్మానాన్నలకి చెప్పలేని మాట ఎవరికి చెబుతాడు? అక్కకో అన్నకో. ఆ వరసే వాళ్లు ఎంచుకున్నారు.

1945 ఆగస్టులో మద్రాసు నుంచి 'బాల' అనే పిల్లల పత్రిక కూడా తెచ్చారు. చందమామ కంటే అది రెండేళ్లు ముందు. పిల్లలు రాసినవీ, గీసినవీ అందులో అచ్చయ్యేవి. ముళ్లపూడి వెంకటరమణ గారి మొదటి కథ అచ్చయింది అందులోనే, అప్పటికి ఆయనకి పద్నాలుగేళ్లు. బాపు గారి తొలి బొమ్మలూ అందులోవే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక దంపతులిద్దరూ హైదరాబాదు చేరారు. ఆంధ్ర బాలానంద సంఘం అక్కడ ఎన్నో తరాల పిల్లల్ని వేదిక ఎక్కించింది. రాఘవరావు గారు 1984 ఫిబ్రవరి 24న పోయారు.

అదే మద్రాసుకి, 1939లో, ఇటలీకి చెందిన మరియా మాంటిసోరి వచ్చి అడయారులో ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చారు. పిల్లాడి పనిని గౌరవించమని ఆవిడ చెప్పారు. గుజరాతులో గిజుభాయి బధేకా 1920 నుంచే బాలమందిరం నడిపారు. మన అన్నయ్య, అక్కయ్యలు ఆ కాలపు మనుషులు. వాళ్లకి బడి గోడలు లేవు, రేడియో పెట్టె ఉంది. అంతే తేడా.

పులిని తాకి చూసిన పిల్లలు

పుస్తకం, రేడియో లేని ఇళ్ల సంగతేమిటని అడగవచ్చు. వాళ్లకి జాతర ఉంది.

బరంపురం బుఢీ ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి, చైత్రం రోజుల్లో, దాదాపు నెలపాటు జరుగుతుంది. ఈ ఊరిని పట్టు ఊరు చేసిన దేరా అనే తెలుగు నేతవాళ్లది అందులో ముఖ్యపాత్ర. వాళ్ల పెద్ద దేశీబెహరా. అమ్మవారు గుడి విడిచి దేశీబెహరా వీధికి వస్తుంది, అది ఆవిడ పుట్టిల్లు అని నమ్మకం. రాత్రిళ్లు ఘటాలు ఊరేగుతాయి. చివరి రాత్రి అమ్మవారు మళ్లీ గుడికి వెళ్లిపోతుంది. ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టే ఊరు ఊరంతా సాగనంపుతుంది. పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటూ కనిపిస్తారు. పక్కన నిలబడ్డ పిల్లాడు, ఏడుపు దాచుకోవలసిన పని కాదని అక్కడ చూస్తాడు.

మొక్కుబడి తీర్చడానికి వేషాలు వేస్తారు. పసిపిల్లలకి కూడా దేవుడి వేషాలు వేసి ఎత్తుకుని తిరుగుతారు. వాటిలో పిల్లలకి గుండె ఆగిపోయేది పులివేషం. ఒళ్లంతా పసుపు నలుపు చారలు, డప్పుల మోతకి గంతులు. మా చిన్నప్పుడు నాన్నమ్మ మమ్మల్ని పులి కంటపడకుండా దాచేది కాదు. 'భయం వేస్తోందా? వెయ్యనీ. చెయ్యి పట్టుకో' అనేది. ఆట ఆగాక, పులి చెమట తుడుచుకుంటూ అరుగుమీద కూర్చుని మంచినీళ్లు తాగుతుంటే, దగ్గరికి తీసుకెళ్లి రంగు తాకించేది. వేలికి పసుపు అంటేది. మర్నాడు మేమే పులులం. భయం లేదని ఆవిడ అబద్ధం చెప్పలేదు. 'మగపిల్లాడివి, భయమేంటి' అని వెక్కిరించలేదు. భయాన్ని ఎత్తుకుని దాని దగ్గరికే నడిపించింది.

అలా అని పాతకాలమంతా బంగారమని మేం అనం. బూచాడు వస్తాడని బెదిరించి అన్నం పెట్టిన ఇళ్లూ ఇవే. మగపిల్లలు ఏడిస్తే 'ఆడపిల్లలా ఏంటిది' అన్న నోళ్లూ ఇవే. ఆడపిల్లకి కోపం వస్తే అణచిపెట్టమన్నదీ ఇక్కడే. మూటలో మంచిమాటలతోపాటు అవీ ఉన్నాయి. ఏరుకోవడం మన వంతు.

ఇప్పుడు మా ఇంట్లో

పెద్దమ్మ వెళ్లాక కొన్ని పనులు అలవాటు చేసుకున్నాం. పెద్ద విద్యేమీ కాదు.

రాత్రి పడుకునే ముందు 'ఇవాళ ఏం వచ్చింది?' అని ఒకరినొకరం అడుగుతాం. కోపం వచ్చిందా, నవ్వు వచ్చిందా, ఉక్రోషం వచ్చిందా. పెద్దవాళ్లూ చెప్పాలి. 'ఇవాళ ఆఫీసులో నాకు చాలా ఉక్రోషం వచ్చింది' అని నాన్న చెబితే పిల్లలు నోరెళ్లబెట్టి విన్నారు. నాన్నలకి కూడా వస్తుందని వాళ్లకి అప్పుడే తెలిసింది.

కోపం రావచ్చు, కొట్టకూడదు. ఈ రెండు ముక్కల్నీ విడిగా చెబుతున్నాం. ఇదివరకు రెండిటికీ కలిపి ఒకటే దెబ్బ వేసేవాళ్లం.

పోయినవాళ్ల గురించి అబద్ధం చెప్పడం మానేశాం. నాన్నమ్మ పెట్టెలోంచి ఆవిడ పట్టుచీర ఒకటి తీసి, పిల్లాడి పక్కమీద పెట్టాం. కావలసినప్పుడు ముఖం దాచుకుంటాడు.

ఒడియా మాట వచ్చినా దిద్దడం లేదు. వాడి నేస్తాలు ఒడియా పిల్లలు. రుషిబా అన్నా అలక అన్నా, పేరంటూ ఒకటి దొరకడం ముఖ్యం. ఇది హ్యూస్టన్‌లో ఉన్నవాళ్లకైనా, ఖరగ్‌పూర్‌లో ఉన్నవాళ్లకైనా ఒకటే అనుకుంటాం. మీ ఊరి భాషలో ఒక పేరు, మీ ఇంటి భాషలో ఒక పేరు. రెండూ ఉన్న పిల్ల భాగ్యవంతురాలు.

మీ అమ్మమ్మలో నాన్నమ్మలో ఇంకా ఉన్నారంటే, ఈ ఆదివారం వాళ్ల దగ్గర కూర్చుని అడగండి. పిల్లల ఏడుపులకి, అలకలకి, భయాలకి వాళ్లు ఏయే మాటలు వాడేవారో ఒక కాగితం మీద రాసిపెట్టండి. మేం అడగడం ఆలస్యమైపోయింది.

మొన్న సంవత్సరీకం రోజు. వచ్చిన చుట్టాలందరూ వెళ్లిపోయారు. మావాడు వచ్చి ఆ చీర పక్కన కూర్చుని, తన బరంపురం తెలుగులో, ఒడియా సగం కలిపి, 'నాకు బెంగ లాగుతోంది' అన్నాడు.

వ్యాకరణం ఎవరూ దిద్దలేదు. 'మాకూ లాగుతోందిరా' అన్నాం.